కైప్ అంటే బంగారు ఎండ ఒక్కటేనా?

మీ వ్యాసంలో 17వ శతాబ్దపు డచ్ కళాకారుడు ఆల్బర్ట్ కైప్‌ని సాయంత్రపు ఎండ, నదిలో నిలబడ్డ ఆవుల చిత్రకారుడిగా తేల్చేశారు. అది సగం మాటే. 1645 ప్రాంతంలో ఆయన గీసిన నెదర్లాండ్స్ పట్టణం డోర్‌డ్రెహ్ట్ ఉరుముల వాన చిత్రం చూడండి, జ్యూరిక్‌లోని బ్యూర్లే కళా సేకరణలోది. ముందు భాగంలో ఆవులు పడుకుని ఉంటాయి. వెనక ఊరు, చర్చి గోపురం, వాటి మీద నల్లటి మబ్బు, చీల్చుకొచ్చే మెరుపు. ఆవులకు మాత్రం ఏ టెన్షనూ లేదు! నాకు ఆ చిత్రంలో అసలు భయం పుట్టించేది ఆ నింపాదే. మెరుపు కాదు.

ఎండ చిత్రాల్లోని ఆ బంగారు వెలుగు కూడా ఆయన సొంతగా కనిపెట్టింది కాదు. 1640ల మొదట్లో ఇటలీ నుంచి తిరిగొచ్చిన డచ్ చిత్రకారుడు యాన్ బోత్ చిత్రాల ప్రభావం అది. కైప్ ఇటలీ వెళ్ళినట్టు ఆధారాల్లేవు. 1658లో డబ్బున్న వితంతువుని పెళ్ళాడాక ఆయన బొమ్మలు వేయడం బాగా తగ్గిపోయింది (ఆవులు బతికిపోయాయి అనుకోవాలేమో). 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ జమీందార్లు ఎగబడి కొన్నది ఎక్కువగా ఎండ చిత్రాలనే. అందుకే మనకు ఆ కైపే గుర్తుండిపోయాడు. వ్యాసానికి రెండో భాగం రాస్తే ఈ మబ్బుల కైప్‌కీ కాస్త చోటివ్వండి.