మా అపార్ట్‌మెంట్ ఇంకుడు గుంత గారికి

గుంత గారూ, నమస్కారం.

విజయవాడ పటమటలో మా సెల్లార్ మెట్ల మీద కూర్చుని రాస్తున్నా. మోటారు పెట్టి వాన నీళ్లు తోడిస్తున్నారు. మెకానిక్ నా స్కూటర్‌ని పక్కకి వంచితే సైలెన్సర్‌లోంచి గోధుమ రంగు నీళ్లు, ఫిల్టర్‌లో డికాషన్ దిగినట్టు, చుక్కా చుక్కా దిగుతున్నాయి. ఈ సమయంలో తమరెక్కడున్నారండీ?

మా డాబా 250 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన పడితే 25 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతుంటే ట్యాంకర్ వాడి కాళ్లావేళ్లా పడి నీళ్లు పైకెక్కించుకున్నాం, ఇప్పుడు అవే నీళ్లు డబ్బులిచ్చి బయటకి తోయిస్తున్నాం.

నీళ్లనీ నేలనీ చెట్లనీ కాపాడాలని వాల్టా చట్టం వచ్చింది 2002లో. దాని పుణ్యమా అని తమరికీ గేటు పక్కన మూడడుగుల చోటు దొరికింది. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక, పక్కన నల్ల కళ్లద్దాలతో బిల్డరు. ఫొటో తీశారు, ఫైల్లో పెట్టారు. తర్వాత మట్టి కనబడితే మా వాళ్లకి టెన్షన్ కదా, పార్కింగ్ టైల్స్ పరిచేశారు. ఆకులు రాలుస్తోందని బాదం చెట్టునీ అప్పుడే కొట్టించారు. నది అవతల అమరావతిలో 217 చదరపు కిలోమీటర్లు, తొమ్మిది నగరాలు అని మురిసిపోయేదీ వీళ్లే, ఇక్కడ మూడడుగులు మాత్రం ఓర్చుకోలేరు.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచినప్పుడు, జనం డాబాలెక్కి పాల ప్యాకెట్ కోసం పడవల వంక చూస్తుంటే, మా వాట్సాప్ గ్రూపులో ఏరుని ఆక్రమించినోళ్లని తిట్టనివాడు లేడు. మరి మన గేటు దగ్గర గుంతని ఆక్రమించింది ఎవడ్రా? కార్పొరేషనా? మనమే కదా! ఫ్లాట్‌కింత అని టైల్స్‌కి చందా వేస్తే నోరు మూసుకుని నేనూ ఇచ్చా.

నిన్ను అని ఏం లాభంలే. పొద్దున్న సెక్రటరీ గారు కారు తీయగానే గునపంతో ఒక టైలు లేపా. కింద సిమెంటు, దాని కింద నీ మూత, మూత తీస్తే నీ ఇసుక. తడి కూడా తగల్లేదు నీకు. ఊరంతా మునిగినా పొడిగానే ఉన్నావు, పిచ్చిదానా.

టైలు ఖరీదు నా మెయింటెనెన్స్‌లో కలుపుతారట. గ్రూపులో మెసేజ్ వచ్చింది.

ఇట్లు,
ఫస్ట్ ఫ్లోర్ వాడు