ఆకలికి కరువొచ్చింది

పాలమూరుకు కరువు కొత్త కాదు. వానకు కరువు చూశాం, పనికి కరువు చూశాం, గంజి కేంద్రాల ముందు వరుసలు కట్టిన రోజులూ చూశాం. బతుకుదెరువుకు ముంబై, పూణె బస్సులెక్కిన తరాలు మావి. ఇన్ని చూసిన జిల్లా ఈమధ్య కనీవినీ ఎరుగని కరువులో పడింది. శివరాత్రికి ముందు వారం రోజులు శ్రీశైలం రోడ్డు మీద ఆకలికి కరువొస్తోంది. గుండిగల్లో అన్నం ఉంటుంది, గరిటె పట్టుకున్న చేతులు ఉంటాయి, తినే నోరే దొరకదు. దాతల దుస్థితిని ప్రభుత్వం ఇప్పటికైనా గుర్తించాలి.

విషయం తెలియని వారి కోసం. శివదీక్ష పట్టిన స్వాములు ఇరుముడి ఎత్తుకుని కాలినడకన మల్లన్న దగ్గరికి బయలుదేరతారు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం 200 కిలోమీటర్ల పైమాటే. డిండి, హాజీపూర్, మన్ననూరు దాటితే నల్లమల. ఆపైన వటవర్లపల్లి, దోమలపెంట, ఘాట్ రోడ్డు. ఈ దారి పొడవునా టెంట్లే. ఒక టెంటులో చేయి కడిగిన స్వామి ఆ తడి ఆరకముందే పక్క టెంటు చేతికి చిక్కుతాడు.

మా బావమరిది అలాంటి ఒక సేవా సమితికి కార్యదర్శి. నిరుడు నా మెడలోనూ కండువా వేసి, పులిహోర బేసిన్ ముందు నిలబెట్టాడు. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టాం. ఏడింటికల్లా రోడ్డుకు అటువైపు ఇంకో సమితి దిగింది. మాది పులిహోర అయితే వాళ్లది పులిహోర, కేసరి. మావాడి ముఖం వాడిపోయింది. వెంటనే మైకు తెప్పించాడు. "స్వామీ, భిక్ష చేసి వెళ్లండి" అన్న పిలుపు పదింటి దాకా వేడుకోలుగా ఉండి, పన్నెండుకు ఆజ్ఞ అయింది. ఒంటిగంటకు ఇద్దరు కుర్రాళ్లు రోడ్డు మధ్యలో చేతులు చాచి నిలబడ్డారు.

చిక్కిన స్వాముల్లో ఒకాయన నాకు బాగా గుర్తు. ఆకు మీద పులిహోర పడుతుంటే రెండు చేతులూ జోడించాడు. "పొద్దుటి నుంచి ఇది ఆరో టెంటు స్వామీ. నేను ఒంటిపూట దీక్షలో ఉన్నాను." అన్నం పరబ్రహ్మ స్వరూపమని, కాదంటే దోషమని మా కోశాధికారి ఆయనకు బోధించాడు. దోషానికి జడిసి పొట్లం పట్టుకెళ్లాడు. వంద అడుగుల అవతల ఆ పరబ్రహ్మ స్వరూపం కోతుల పాలైంది. కోతులు మాత్రం ఏ సమితినీ చిన్నబుచ్చలేదు.

అసలు శివరాత్రి ఉపవాసాల పండుగ. ఏడాదిలో ఇన్ని పండుగలుండగా, తినకుండా ఉండడమే పుణ్యమైన పండుగను వెతికి పట్టుకుని దానికి ఇన్ని గుండిగలు ఎక్కించిన మనవాళ్ల తెలివిని మెచ్చుకోకుండా ఉండలేను. సంక్రాంతికి ఎవరింట్లో వారికి అరిసెలుంటాయి, మన పులిహోర ఎవరికి కావాలి?

సాయంత్రానికి రెండు గుండిగలు నిండుగా మిగిలాయి. మావాడు ఆర్టీసీ బస్సును ఆపాడు. తర్వాత లారీలను ఆపాడు. నేను మూడుసార్లు తిన్నాను. నాలుగోసారి కన్నెత్తి చూసేసరికి నాలోనూ గ్రహీత లక్షణాలు అడుగంటాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. మా టెంటు ఎదురుగానే చెంచు పెంట, అంటే చెంచుల గూడెం ఉంది కదా, అక్కడ నోళ్లు లేవా అని. ఉన్నాయి. ఐదారుగురు పిల్లలు పొద్దుటి నుంచి తాడు అవతల నిలబడే ఉన్నారు. కానీ వారు దీక్ష మాలలో లేరు. "స్వాములు అయ్యాక చూద్దాం" అన్నది సమితి తీర్మానం. మల్లన్న తమ ఇంటి అల్లుడని చెప్పుకుంటారు చెంచులు. అల్లుడి పండుగకు అత్తవారు వరుసలో చివర నిలబడడం మర్యాదే కాబట్టి, ఆ తీర్మానంలో తప్పేమీ లేదు. పైగా వాళ్లకు ఏడాది పొడవునా ఆకలి ఉంటుంది. ఎప్పుడూ ఉండే ఆకలికి పండుగనాడు ప్రత్యేకత ఏముంది?

ఆ రోజు రోడ్డు మీద నిజమైన రద్దీ ఒక్కచోటే చూశాను. మాకు కాస్త ఎగువన, చెట్టు కింద ఒక ముసలాయన. మూడు రాళ్ల పొయ్యి, దాని మీద ఉప్పు వేసిన వేడినీళ్లు, రెండు టబ్బులు, ఆముదం సీసా. బొబ్బలెక్కిన కాళ్లను నీళ్లలో పెట్టించి, తుడిచి, నూనె రాసి పంపుతున్నాడు. ముప్పై మంది దాకా కాచుకుని ఉన్నారు. ఎవరినీ పిలవలేదాయన. ఫ్లెక్సీ లేదు, కండువా లేదు, కనీసం పేరేమిటో అడిగితే చెప్పే తీరిక కూడా లేదు. మావాడిని తీసుకెళ్లి చూపించాను. కాసేపు పరిశీలించి, "అది సేవ కాదు బావా, ఆయనకు అలవాటు" అని తేల్చేశాడు.

నడిచేవారిలో ఆడవాళ్లూ తక్కువేమీ ఉండరు. వారి బాధ ఇంకొకటి. దారి పొడవునా కడుపు నింపే ఏర్పాటే తప్ప తర్వాత సంగతి ఏ సమితికీ పట్టలేదు. చీకటితోనే లేచి ఇద్దరిద్దరుగా చెట్ల చాటుకు వెళ్తారు. అది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పులి చూస్తుందేమోనన్న భయం కంటే మనిషి చూడడన్న ధైర్యమే వారిని అటు నడిపిస్తుందని ఒకావిడ నాతో అంది. నవ్వుతూనే అంది.

ఈ మాట మనసులో పెట్టుకుని, పండుగ వెళ్లాక సమితి సమావేశంలో నేనొక ప్రతిపాదన పెట్టాను. వచ్చే ఏడాది ఒక గుండిగ తగ్గించి, ఆ డబ్బుతో నాలుగు తాత్కాలిక మరుగుదొడ్లు పెడదామన్నాను. గది నిశ్శబ్దమైంది. "దాని మీద దాత పేరు ఎలా వేస్తాం బావా?" అన్నాడు మావాడు. తలుపు మీద వేయవచ్చు కదా అన్నాను. అక్కడే పప్పులో కాలేశాను. పేరు సరే, ఫొటో తలుపుకు బయట వేయాలా, లోపల వేయాలా అన్న ప్రశ్న పుట్టింది. బయట వేస్తే రోడ్డున పోయేవారంతా చూస్తారు కానీ, ఆ చోట నవ్వుతూ దండం పెడుతున్న ఫొటో బాగుండదని అధ్యక్షుడి వర్గం. లోపల వేస్తే కనీసం రెండు నిమిషాలు తీరిగ్గా చూస్తారని కోశాధికారి వర్గం. మూడు సమావేశాలు జరిగాయి, తీర్మానం కుదరలేదు.

మొన్న ఉగాదికి సమితి రెండుగా చీలింది. వచ్చే శివరాత్రికి ఒకరు రోడ్డుకు ఇటు, ఒకరు అటు టెంటు వేస్తారట. రెండు చోట్లా పులిహోరే.