రివెట్లు సరే, మేక ఏది?

పర్లాకిమిడిలో ఈమధ్య ఒక జాతీయ సమస్య తలెత్తింది. మా మేనల్లుడు కంప్యూటర్‌లో బొమ్మగా తయారు చేస్తున్న మా ఊరి రైలు పాత ఆవిరి ఇంజిన్ బాయిలర్ మీద రివెట్లు, అంటే రేకుల్ని కలిపి బిగించే గుండు మేకులు, వరుసకు ఎన్ని ఉండాలి? అది నడిచిన రోజుల్లో దాని వైపు కన్నెత్తి చూడని పెద్దలంతా సాయంత్రం మా వరండాలో చేరి సాక్ష్యాలిస్తున్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అన్నారా?

తెలియనివారి కోసం కాస్త చరిత్ర. గజపతి రాజులు వేయించిన ఈ రైలు లైను నౌపడా నుంచి మా ఊరి దాకా 1900లో మొదలైంది. తర్వాత గుణుపురం దాకా సాగింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. 2004లో దాన్ని ఆపి బ్రాడ్‌గేజ్ పనులకు దిగారు. బ్రాడ్‌గేజ్ ఐదున్నర అడుగులు కదా, తేడా మూడు అడుగులు, అంటే సరిగ్గా ఒక గజం. గజపతుల రైలుకు గజం కలిసింది! ఈ లెక్క కనిపెట్టింది నేనే. సన్మానం ఎవరు తలపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇక నిర్మాణం సంగతి. కంప్యూటర్‌లో గుండ్రం అనేదే ఉండదట. చక్రమంటే బోలెడు అంచులున్న పలక. అంచులు పెంచితే నునుపు పెరుగుతుంది, యంత్రం నీరసిస్తుంది. మావాడు పొదుపుగా పదహారు అంచులతో సరిపెట్టాడు. తెర మీద చక్రం గతుకులు పడుతూ దొర్లింది. "అచ్చం ఇలాగే ఉండేది బాబూ" అని ఎదురింటి పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు.

మావాడి చూపు ఇప్పుడు వింత బండ్ల మీద పడింది. పాటియాలా సంస్థానంలో 1907లో ఒంటి పట్టా రైలు వచ్చింది. బరువంతా దాదాపు ఆ ఒక్క పట్టా మీదే. పక్కకు పడిపోకుండా పెద్ద చక్రం ఒకటి రోడ్డు మీద దొర్లేది. 1931లో జర్మనీ వాళ్ళు రైలు వెనక విమానపు పంకా బిగించి గంటకు 230 కిలోమీటర్లు ఉరికించారు. ప్లాట్‌ఫారం మీద నిలబడినవారి పంచెల సంగతి వాళ్ళు ఆలోచించినట్టు లేదు.

నా ఫిర్యాదు వేరే. ఈ డిజిటల్ శిల్పులు రివెట్టు రివెట్టునూ చెక్కుతారు, బొగ్గు మసి ఎంత మందాన అంటిందో కొలుస్తారు, పిస్టన్ ఊపును చక్రానికి అందించే కడ్డీ ఏ కోణంలో వాలుతుందో రాత్రంతా జాగారం చేసి సరిచూస్తారు. పెట్టెల్లో మాత్రం ఒక్క ప్రాణి ఉండదు. టెక్కలి దాటి, టెంబూరు దాటి, పాతపట్నం దాకా ఖాళీ బెంచీలే ప్రయాణిస్తాయి. కిటికీలోంచి సగం బయటికి వేలాడే మనిషి ఏడి? తెలుగులో తిట్టి ఒడియాలో బేరమాడే చేపల బుట్టావిడ ఏది? బెంచీ కింద మేక ఏది?

గట్టిగా అడిగేసరికి మావాడికి రోషం వచ్చింది. "మామయ్యా, మేకను పెడతాను, సరేనా?" అన్నాడు. నాలుగు రాత్రులు కూర్చుని వెంట్రుక వెంట్రుకా నాటాడు. నిన్న నౌపడాలో రైలు బయలుదేరింది. మొత్తం ఇంజిన్‌కు పట్టినదానికన్నా ఎక్కువ అంచులు ఆ మేక బొచ్చుకు పట్టాయట. కంప్యూటర్ వేడెక్కి, లోపలి పంకా అచ్చం ఆవిరి ఇంజిన్‌లా బుసలు కొట్టింది.

మేకను దించితే గాని బండి కదలనంది.