రాత్రి రికార్డింగ్‌కు మెగాపిక్సెళ్లే కొలమానం కాదు

రాత్రిపూట స్పష్టంగా రికార్డు కావాలంటే 8 మెగాపిక్సెల్ సీసీ కెమెరా కొంటే చాలని, లక్స్ సంఖ్య (కెమెరాకు కావలసిన కనీస వెలుతురు) ఎంత తక్కువైతే చీకట్లో అంత బాగా కనిపిస్తుందని, పెట్టె మీద ఐఆర్ (కంటికి కనిపించని పరారుణ కాంతి) 30 మీటర్లని ఉంటే అంత దూరంలోని ముఖాన్ని కూడా గుర్తుపట్టవచ్చని చెప్పే సలహా ఒకటి విస్తృతంగా ప్రచారంలో ఉంది. దీన్ని నమ్మి కొన్నవారికి లోపం తెలిసేది దొంగతనం జరిగాక రికార్డింగ్ తెరిచి చూసినప్పుడే కాబట్టి, ఈ మూడు మాటలనూ ఖండించక తప్పదు.

మెగాపిక్సెళ్ల మాట పగటి వెలుగులో చాలావరకు నిజమే. చీకట్లో మాత్రం ఫలితాన్ని నిర్ణయించేది కాంతిని చిత్రంగా మార్చే సెన్సర్‌కు అందే వెలుతురు. 1/2.8 అంగుళాల సెన్సర్‌లో 2 మెగాపిక్సెళ్లుంటే ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 2.9 మైక్రాన్లు, అదే కొలత సెన్సర్‌లో 8 మెగాపిక్సెళ్లు ఇరికిస్తే అది 1.45 మైక్రాన్లకు తగ్గి, ఒక్కో పిక్సెల్‌కు చేరే కాంతి నాలుగో వంతే అవుతుంది. ఆ కొరత పూడ్చడానికి కెమెరా గెయిన్ (సెన్సర్ సంకేతాన్ని హెచ్చించే మోతాదు) పెంచుతుంది, దాంతో నాయిస్ (చిత్రంలో చుక్కల్లాంటి గరుకుదనం) పెరుగుతుంది, నాయిస్‌ను తుడిచే క్రమంలో ముఖకవళికలు కూడా చెరిగిపోతాయి. 8 మెగాపిక్సెళ్లే కావాలనుకుంటే కనీసం 1/1.8 అంగుళాల పెద్ద సెన్సర్, దానికి తోడు ఎఫ్1.0కు దగ్గరగా ఉండే లెన్స్ చూసుకోవాలి, ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ లెన్స్ ద్వారం పెద్దదవుతుంది కాబట్టి ఎఫ్1.0 లెన్స్ ఎఫ్2.0 కంటే నాలుగు రెట్ల కాంతిని లోపలికి పంపుతుంది.

పైగా, వివరం కోసం పిక్సెళ్లు పెంచడమొక్కటే మార్గం కాదు. అపరిచితుణ్ణి గుర్తించడానికి మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలని నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 2014 కూర్పు సూచించింది. 1/2.8 అంగుళాల సెన్సర్‌కు 2.8 మిల్లీమీటర్ల లెన్స్ అమర్చితే 10 మీటర్ల దూరంలో దాదాపు 20 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అప్పుడు 8 మెగాపిక్సెళ్లకైనా మీటరుకు దాదాపు 190 పిక్సెళ్లే దక్కుతాయి. అదే దూరంలో, తక్కువ వెడల్పును దగ్గరగా చూపే 8 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్న 2 మెగాపిక్సెల్ కెమెరాకు 270 దాకా దక్కుతాయి, అదీ పెద్ద పిక్సెళ్లతో. గేటునో తలుపునో మాత్రమే చూడాల్సిన చోట ఈ ఎంపికే నాకు సరైనదనిపిస్తుంది.

లక్స్ సంఖ్య విషయంలో మోసపోవడం మరీ సులభం. ఏ షట్టర్ వేగంతో, ఎంత గెయిన్‌తో, ఏ లెన్స్‌తో కొలిచారో చెప్పని 0.001 లక్స్‌కు పోలికలో విలువ లేదు. షట్టర్‌ను సెకనులో ఐదో వంతు సేపు తెరిచి ఉంచితే కదలని గోడ పగటిలాగే వెలిగిపోతుంది; కానీ సెకనుకు 1.4 మీటర్ల వేగంతో నడిచే మనిషి ఆలోపు 28 సెంటీమీటర్లు జరిగిపోతాడు కనుక అతని ముఖం సాగిన మరకగానే మిగులుతుంది. అందుకే అమ్మేవారిని అడగవలసింది నిశ్చల చిత్రం కాదు, రాత్రివేళ మనిషి నడిచి వెళ్తున్న రికార్డింగ్.

ఐఆర్ దూరం చెప్పేది ఏదో ఆకారం ఉందని తెలిసే హద్దును మాత్రమే. దూరం రెట్టింపైతే పడే కాంతి నాలుగో వంతవుతుంది, తిరిగి వచ్చేది ఇంకా తక్కువ. దగ్గర్లో గోడ ఉంటే దాని ప్రతిఫలనానికి కెమెరా ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే కాంతి) తగ్గించుకోవడంతో, వెనకాలదంతా నల్లబడుతుంది. ఐఆర్ కింద రికార్డింగ్ నలుపు తెలుపుల్లో ఉంటుంది, నల్లబట్టలు కొన్ని తెల్లగా కూడా కనిపిస్తాయి. దుస్తుల రంగు ఆధారంగా మనిషిని పోల్చుకోవలసిన చోట తెల్లని దీపం వెలిగించి కలర్‌లో రికార్డు చేయడమే మేలు.