లెక్కలు రావని ఎవరన్నారు?

తెల్లవారుజామున పాల కేంద్రం దగ్గర కాసేపు నిలబడితే చిత్తూరు జిల్లా ఆడవాళ్ల లెక్క ఎంత గట్టిదో తెలుస్తుంది. ఫ్యాట్ ఎంత వచ్చింది, లీటరుకు ఎంత పడుతుంది, నిన్నటికంటే ఎంత తగ్గింది, చీటీ చేతికి రాకముందే నోటితో చెప్పేస్తారు. అదే అమ్మను సాయంత్రం కూతురు నోట్సు పట్టుకుని అడిగితే, "నాకేం లెక్కలొస్తాయి పాపా, మీ మిస్సునడుగు" అంటుంది. కొన్నాళ్లకు ఆ పాప కూడా "నాకు లెక్కలు రావు" అనడం మొదలుపెడుతుంది.

ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ హోంవర్క్ చేయిస్తే, పిల్లలు ఆ ఏడాది నేర్చుకున్నది తగ్గి, భయం పెరిగిందని అందులో తేలింది. తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. వాళ్లలోనూ ఆ భయం ఒకప్పుడు ఏదో తరగతి గదిలో మొదలైనదే.

భయపడే పిల్లలకు తెలివి తక్కువనుకోవడం మనం చేస్తున్న అన్యాయం. 47ను 6తో గుణించాలంటే ముందు వచ్చిన 240ని మనసులో పట్టుకుని, దానికి 42 కలపాలి. మనసులో అలా పట్టుకునే చోటు చాలా చిన్నది. తప్పు చెబితే సారు అందరి ముందూ నిలబెడతారన్న టెన్షన్ అక్కడ దూరితే 240 జారిపోతుంది. ఇంట్లో చేసిన లెక్కే పరీక్షలో రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అప్పుడు "చదవలేదు" అని కొడితే భయం ఇంకాస్త చోటు ఆక్రమిస్తుంది.

ఈ సంగతి మన దేశంలో తెలియనిది కాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కోసం గణిత బోధనను పరిశీలించిన నిపుణుల బృందం, ఎక్కువ మంది పిల్లల్లో ఉన్న భయాన్ని, ఓడిపోయామన్న భావనను ప్రధాన సమస్యగా గుర్తించింది. ఇప్పటికీ మార్కులు చూసి సెక్షన్లు విడదీసే స్కూళ్లున్నాయి. చివరి సెక్షన్ అంటే ఏమిటో ఆరో తరగతి పిల్లలకూ తెలుసు. ఇష్టపడి బైపీసీ తీసుకుంటే సంతోషమే. లెక్కల నుంచి పారిపోయి తీసుకుంటే, ఫిజిక్స్‌లో అవే లెక్కలు మళ్లీ ఎదురొస్తాయి.

కంప్యూటర్ దగ్గరా ఇదే కథ. ఎంత చేయి తిరిగిన ప్రోగ్రామర్ కోడ్‌లోనైనా ఎర్రర్లు వస్తాయి, వెతికి సరిచేసుకోవడమే ఆ పని. తప్పంటే దెబ్బ అని నేర్చుకున్న పిల్ల మాత్రం మొదటి ఎర్రర్‌కే కీబోర్డు మీంచి చేతులు తీసేస్తుంది.

2015లో మొదలైన తిరుపతి ఐఐటీ, సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ రెండూ మనకు దగ్గర్లోని ఏర్పేడు ప్రాంతంలోనే ఉన్నాయి. గాదంకిలో వాతావరణ పరిశోధన రాడార్ ఉంది. పిల్లలను బస్సెక్కించి ఆ భవనాలు చూపిస్తే చాలదు. అక్కడి విద్యార్థులు, శాస్త్రవేత్తలు నెలకోసారి జిల్లా పరిషత్ హైస్కూళ్లకు వచ్చి, తమకు ఎన్ని లెక్కలు తప్పాయో, ఎలా దిద్దుకున్నారో చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వారానికి ఒక లెక్కల పీరియడ్‌ను మార్కులు, టైం లేకుండా వదలాలని విద్యాశాఖను కోరుతున్నాం. తప్పు జవాబును బోర్డు మీద రాసి, ఎక్కడ దారి తప్పిందో అందరూ కలిసి వెతకాలి. తల్లిదండ్రుల సమావేశానికి ఆ అమ్మలను పాల చీటీలతో రమ్మని పిలవండి. కూతుళ్ల ముందు ఆ లెక్క వాళ్లనే చేసి చూపించమనండి.