ఫిల్టర్ నొక్కితే వాటర్‌కలర్ ఎలివేషన్ అయిపోతుందా?

ఈమధ్య ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళు, డ్రాఫ్టింగ్ చేసేవాళ్ళు ఒకరికొకరు తెగ పంపించుకుంటున్న పోస్టు ఒకటుంది. దాని సారాంశం ఇదీ: బిల్డింగ్ ఫ్రంట్ ఎలివేషన్‌కి (ముందువైపుని నేరుగా చూసినట్టు స్కేల్‌కి గీసే డ్రాయింగ్‌కి) చేత్తో వాటర్‌కలర్ వేయడం టైం వేస్ట్, త్రీడీ రెండర్ (కంప్యూటర్ మోడల్ నుంచి వచ్చే ఫోటోలాంటి బొమ్మ) తీసి ఫోటోషాప్‌లో వాటర్‌కలర్ ఫిల్టర్ నొక్కితే అదే లుక్ వచ్చేస్తుంది, వాటర్‌కలర్‌లో ఎలాగూ కొలతలుండవు, నీడలంటే గ్రే పులమడమే, ఒక్క తప్పు పడిందా షీట్ మొత్తం చెత్తబుట్టలోకే, అయినా చూసే క్లయింట్‌కి తేడా ఏం తెలుస్తుంది. చదవడానికి బాగానే ఉంది, అలసిపోయినోడికి ఇంకా బాగుంటుంది. కానీ దాదాపు ప్రతి ముక్కా తప్పే, ఒక్కోటీ చూద్దాం.

ముందు ఆ ఫిల్టర్ సంగతి. ఫోటోషాప్ ఫిల్టర్ గ్యాలరీలో వాటర్‌కలర్ అని ఒకటుంది, దాంట్లో ఉండేవి మూడే స్లైడర్లు: బ్రష్ డీటెయిల్, షాడో ఇంటెన్సిటీ, టెక్స్చర్. అది చేసే పని చిన్న చిన్న డీటెయిల్స్‌ని కలిపేసి మచ్చలుగా మార్చడం, రంగు ఒక్కసారిగా మారే అంచుల దగ్గర ఇంకాస్త ముదురు చేయడం. అంతే. దానికి గోడ ఏదో, చెట్టు నీడ ఏదో, టైల్ జాయింట్ ఏదో, పిట్టగోడ అంచు ఏదో తెలీదు, కాంట్రాస్ట్ ఎక్కడుంటే అక్కడ గీత మందం చేసేస్తుంది. అందుకే ఫిల్టర్ కొట్టిన ఎలివేషన్లన్నీ ఒకేలా ఉంటాయి, ఇటుక గోడంతా మట్టిరంగు పురుగులు పాకినట్టు, ముఖ్యమైన సిల్ లైన్ (కిటికీ కింది అంచు గీత) మాత్రం ఎక్కడో మాయం.

చేత్తో వేసేవాడు అసలు ఇటుకలన్నీ వెయ్యడు. గోడ మొత్తానికి ఒక పల్చటి వాష్ (నీళ్ళు కలిపిన రంగు పొర) ఇచ్చి, అది ఆరాక మూలల దగ్గరో నీడ అంచునో ఓ నాలుగు వరసలు గుర్తు చేసి వదిలేస్తాడు, మిగతావి చూసేవాడి కన్ను నింపుకుంటుంది. ఏది వదిలెయ్యాలో ముందే తేల్చుకోవడమే ఇక్కడ అసలు పని. రెండర్‌లో అన్ని ఇటుకలూ ఆల్రెడీ ఉన్నాయి కాబట్టి ఫిల్టర్‌కి ఆ ఛాన్సే లేదు, ఉన్నదాన్ని చెడగొట్టగలదు తప్ప వదిలెయ్యలేదు. కంప్యూటర్‌లో వాటర్‌కలర్ అసలు కుదరదని నేననను. 1997లోనే నీళ్ళ కదలికని, పిగ్మెంట్ కాగితంలో ఎలా దిగుతుందో దాన్ని లెక్కగట్టి సిమ్యులేట్ చేసిన పరిశోధన వచ్చింది, అంచు ముదురవ్వడం, బ్యాక్‌రన్ (తడి వెనక్కి పాకి పడే మరక), గ్రాన్యులేషన్ (రంగు గింజలు గింజలుగా తేలడం) లాంటివన్నీ తెప్పించారు. అక్కడ కూడా ఏ ఏరియాకి ఏ వాష్ అనేది ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఇప్పుడు ఫిల్టర్ బదులు ఏఐకి ఇవ్వండి అనేవాళ్ళూ తయారయ్యారు, అది చూడ్డానికి ఫిల్టర్ కంటే చాలా నయం, ఒప్పుకుంటా, కానీ అది బొమ్మని మళ్ళీ కొత్తగా గీస్తుంది కాబట్టి రెయిలింగ్‌లో కడ్డీలు పెరగొచ్చు, కిటికీ పలకలు తగ్గొచ్చు, పైన మీ లైన్ డ్రాయింగ్ పరిచి చూస్తేగానీ దొరకదు.

ఇక వాటర్‌కలర్‌లో కొలతలుండవు అనే మాట. ఇది విన్నప్పుడల్లా ఆశ్చర్యమే, ఎందుకంటే ఎలివేషన్‌కి వాష్ వేసే పద్ధతే కొలతల మీద పుట్టింది. 19వ శతాబ్దంలో పారిస్‌లో ఎకోల్ డి బోజార్ అనే కళల, ఆర్కిటెక్చర్ స్కూల్లో స్టూడెంట్లు స్కేల్‌కి గీసిన ఎలివేషన్ మీద ఇంకు వాష్‌లు పొర మీద పొర వేసేవాళ్ళు, కింద పెన్సిల్ గీత ఎంత కచ్చితమో పైన వాష్ కూడా అంతే, గీత దాటితే కుదరదు. వాటర్‌కలర్ అంటే లూజుగా, కారుతూ ఉండాలి అనే ఐడియా ల్యాండ్‌స్కేప్ పెయింటింగ్‌లు చూసి వచ్చింది, దాన్ని తెచ్చి ఎలివేషన్‌కి అంటగట్టారు. కొలతలకి నిజంగా ఇబ్బంది ఒకటుంది, అది ఎవరూ చెప్పరు: కాగితం తడిస్తే సాగుతుంది. అందుకే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) కన్నా పల్చటి షీట్ అయితే ముందే తడిపి, బోర్డు మీద గమ్ టేప్‌తో బిగించి, పూర్తిగా ఆరాకే లైన్లు గియ్యాలి, గీసి తర్వాత తడిపితే పోతుంది. సన్న గీతలున్న ఎలివేషన్‌కి హాట్ ప్రెస్ పేపర్ మంచిది, నున్నగా ఉంటుంది కాబట్టి. ప్రింట్ తీసి దాని మీద వేద్దామనుకుంటే డై ఇంకు (నీళ్ళలో కరిగే ఇంకు) ప్రింటర్ వాడకండి, మొదటి వాష్‌కే లైన్లన్నీ కారిపోతాయి.

నీడలంటే గ్రే పులమడం అన్నారే, అసలు గొడవంతా ఇక్కడే.

ఎలివేషన్‌లో లోతు ఉండదు. ముందుకొచ్చిన బాల్కనీ, లోపలికెళ్ళిన తలుపు రెండూ ఒకే చదునులో ఒట్టి గీతలు. లోతు చెప్పేది నీడ ఒక్కటే, అందుకే దానికి ఒక కన్వెన్షన్ పెట్టుకున్నారు: వెలుతురు ఎడమవైపు పైనుంచి, మన భుజం మీదుగా, ఒక క్యూబ్ మూల నుంచి ఎదుటి మూలకి పోయే దారిలో వస్తుంది అనుకోవాలి. ప్లాన్‌లో చూసినా ఎలివేషన్‌లో చూసినా ఆ కిరణం 45 డిగ్రీల్లోనే కనిపిస్తుంది, నేలతో దాని నిజమైన కోణం మాత్రం 35 డిగ్రీల చిల్లర. దీనివల్ల లాభం ఏంటంటే, గోడ నుంచి ఏది ఎంత ముందుకొస్తే దాని నీడ గోడ మీద సరిగ్గా అంత కిందకీ అంత కుడికీ పడుతుంది. 60 సెంటీమీటర్లు ముందుకొచ్చిన సన్‌షేడ్ ఉంటే దాని కింది అంచు నుంచి గోడ మీద 60 సెంటీమీటర్ల నీడ, 1:50 స్కేల్లో 12 మిల్లీమీటర్లు. కిటికీ గాజు గోడ మొహం నుంచి 20 సెంటీమీటర్లు లోపలుంటే అదే స్కేల్లో గాజు మీద పైన 4 మిల్లీమీటర్లు, ఎడమ పక్కన 4 మిల్లీమీటర్ల నీడ. అంటే ఆ డ్రాయింగ్ చూసేవాడు ప్లాన్ తియ్యకుండానే స్కేల్ పెట్టి ప్రొజెక్షన్ ఎంతో చెప్పగలడు. మీరు సాఫ్ట్‌వేర్‌లో మధ్యాహ్నం రెండున్నర సూర్యుణ్ణి పెట్టి తీసిన రెండర్‌లో ఇది రాదు, ఆ నీడ అందంగా ఉండొచ్చు గానీ చదవడానికి పనికిరాదు.

గుండ్రటి స్తంభం తీసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. ఈ కన్వెన్షన్ ప్రకారం స్తంభం మధ్య నుంచి కుడి అంచు వరకూ పది భాగాలు చేస్తే ఏడో భాగం దగ్గర నీడ మొదలవుతుంది, ఎడమవైపు ఏడో భాగం దగ్గరే ఎక్కువ వెలుతురు. అందరూ చేసేది కుడి అంచుని నల్లగా చేసి లోపలికి పల్చన చేసుకుంటూ రావడం, అప్పుడది స్తంభంలా కాదు, చుట్టిన కాగితంలా ఉంటుంది. ఎక్కువ ముదురు ఉండాల్సింది ఆ ఏడో భాగం దగ్గరే, అక్కణ్ణుంచి అంచుకి పోయేకొద్దీ వెనక నుంచి తిరిగొచ్చే వెలుతురుకి కాస్త తేలికపడాలి.

రంగు విషయానికొస్తే ట్యూబులోంచి తీసిన నలుపులో నీళ్ళు కలిపి వేస్తే గోడ మీద బూడిద పూసినట్టే ఉంటుంది, దాన్ని చూసే వీళ్ళు నీడ అంటే ఇంతే అనుకుంటున్నారేమో. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే మంచి న్యూట్రల్ వస్తుంది, నీలం పాలు పెంచితే చల్లగా, సియెన్నా పెంచితే వెచ్చగా. పెద్ద నీడ వేసేటప్పుడు పైన చల్లగా ముదురుగా మొదలుపెట్టి కిందకి వచ్చేకొద్దీ వెచ్చగా పల్చగా చెయ్యాలి, ఎందుకంటే నేల మీద పడ్డ ఎండ తిరిగి నీడలోకి కొడుతుంది. బోర్డు కొంచెం ఏటవాలుగా పెట్టుకుని, వాష్ కింది అంచున నీటి బొట్టు వరస ఆరకుండా లాక్కుంటూ ఒకే పాస్‌లో దిగాలి, మళ్ళీ వెనక్కెళ్ళి రుద్దకూడదు, రుద్దితే కింద గోడ రంగు లేచొచ్చేస్తుంది. నీడలోంచి గోడ రంగు కనిపించాలి, అదే ట్రాన్స్‌పరెన్సీ. కంప్యూటర్‌లో చేసేవాళ్ళు కూడా నీడ లేయర్‌ని నార్మల్‌లో పెట్టి గ్రే నింపకుండా మల్టిప్లై మోడ్‌లో (కింది రంగు కనిపిస్తూనే ముదురయ్యే మోడ్) పెడితే దాదాపు ఇదే వస్తుంది. ఆ పోస్టు రాసినాయన ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంతమందికి ఉపయోగపడేదో.

కిటికీల గురించి కూడా ఓ మాట, పగలు బయటి నుంచి చూస్తే గాజు మామూలుగా గోడ కంటే డార్క్‌గా ఉంటుంది. లేత నీలం వేసి రెండు అడ్డ గీతలు కొట్టే అలవాటు దయచేసి మానెయ్యండి.

తప్పు పడితే షీట్ పోతుంది అనేది సగం నిజం. ఆరిన రంగుని తడి బ్రష్‌తో మెత్తబరిచి టిష్యూతో అద్దితే చాలా వరకు లేస్తుంది, మంచి సైజింగ్ (రంగుని వెంటనే పీల్చుకోకుండా ఆపే పూత) ఉన్న పేపర్ అయితే ఇంకా సులువు. కానీ అన్ని రంగులూ ఒకేలా లేవవు, అల్ట్రామెరీన్ మాట వింటుంది, థాలో బ్లూ కాగితానికి పట్టేసి కదలదు, అందుకే ఆకాశానికి థాలో వేసేవాళ్ళు బాగా ఆలోచించుకుని వెయ్యాలి. సగం ఆరిన వాష్‌లోకి తడి బ్రష్ పెడితే కాలీఫ్లవర్ లాంటి మరక పూస్తుంది, అప్పుడు కంగారుపడి గెలికితేనే నాశనం, వదిలేసి ఆరాక చూస్తే సగం సార్లు దాని మీద ఓ చెట్టు వేసెయ్యొచ్చు. చిన్న తెల్ల గీతలు పోతే వైట్ గ్వాష్ (కింది రంగుని కప్పేసే తెల్ల రంగు) ఉంది, పదునైన బ్లేడుతో గీకడం ఉంది. ఇవేవీ కుదరకపోతే స్కాన్ చేసి సరిచెయ్యండి, ఎవరూ కొట్టరు.

క్లయింట్‌కి తేడా తెలియదు అన్నది నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించిన వాక్యం. పేరు చెప్పలేకపోవచ్చు, ఇది ఫిల్టర్ అని పట్టుకోలేకపోవచ్చు, కానీ ఏం అడుగుతాడన్నది మారిపోతుంది. ఫోటోలా ఉన్న రెండర్ చూపిస్తే ఆ టైల్ రంగు వద్దు, ఆ లైటు మార్చండి అంటాడు, ఎందుకంటే అన్నీ అయిపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి. వాష్ వేసిన ఎలివేషన్ చూపిస్తే పోర్టికో ఎత్తు ఎక్కువైందా, కిటికీలు దగ్గరైపోయాయా అని మాట్లాడతాడు, మొదటి దశలో మనక్కావాల్సింది ఆ మాటలే. 1912లో కాన్‌బెర్రా నగర ప్లాన్ పోటీలో వాల్టర్ బర్లీ గ్రిఫిన్ గెలిచిన ఎంట్రీకి డ్రాయింగ్‌లు వేసింది ఆయన భార్య మేరియన్ మహోనీ గ్రిఫిన్, ఆవిడ చేత్తో రంగులద్దిన ఆ షీట్లు గురించి ఇవాళ్టికీ చెప్పుకుంటారు. మెటీరియల్ ఖరారు చేసే దశకొచ్చాక మాత్రం ఫోటో రెండరే కరెక్ట్, అక్కడ వాటర్‌కలర్ పట్టుకుని కూర్చుంటే అసలుకే ఎసరు.

డిజైన్ వారానికోసారి మారిపోతుంటే ప్రతిసారీ షీట్ బిగించి వెయ్యడం ఎవరివల్లా కాదు, చేత్తో వేస్తే టైం పోతుందన్న ఆ ఒక్క పాయింట్ దగ్గర ఆ పోస్టుతో నాకు పేచీ లేదు. దానికి మందు ఫిల్టర్ కాదు. ఖాళీ కాగితం మీద ఓ డజను వాష్‌లు వేసి పెట్టుకోండి, ఫ్లాట్‌వి, పైనుంచి కిందకి పల్చబడేవి, అల్ట్రామెరీన్ గింజలు తేలేవి, ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి దాచుకోండి. స్కెచ్‌అప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో అయితే కెమెరాని ప్యారలల్ ప్రొజెక్షన్‌లో (దూరం ఉన్నవి చిన్నవిగా కనిపించని వ్యూ) పెట్టి, ఫ్రంట్ వ్యూ నుంచి హిడెన్ లైన్ స్టైల్‌లో (రంగుల్లేకుండా గీతలే కనిపించే స్టైల్) లైన్లు ఒక ఇమేజ్‌గా తీయండి. నీడలు ఆ 45 డిగ్రీల లెక్కతో మీరే గీసుకుని, ఒక్కో ఏరియాకి ఒక్కో వాష్‌ని ఆ ఏరియా వరకే కనిపించేలా మాస్క్ చేసి మల్టిప్లైలో పెట్టండి. డిజైన్ మారితే మాస్క్ మారుతుంది, వాష్ అదే ఉంటుంది.