ఆమిర్‌ని, బట్‌ని ఒకే గాటన కట్టకండి
డబ్బు తీసుకుని ఆటలో మోసం చేసే ఫిక్సింగ్‌లో దొరికిన ఆటగాడిని జీవితాంతం గ్రౌండ్‌లో అడుగు పెట్టనివ్వకూడదని ఒకరు రాశారు. నేను ఒప్పుకోలేను. 2010లో ఇంగ్లండ్‌తో పాకిస్తాన్ ఆడిన లార్డ్స్ టెస్టు టీవీలో చూశాను. పాకిస్తాన్ బౌలర్ మహ్మద్ ఆమిర్ కాలు క్రీజు దాటి జానెడు పైనే ముందుకు పడింది. అది డబ్బు కోసం వేసిన నోబాల్ అని తర్వాత తెలిసి కడుపు మండిపోయింది.

కానీ అప్పుడతనికి 18 ఏళ్లు. పక్కన ఉండి ఈ పనిలోకి దింపింది సాక్షాత్తూ కెప్టెన్ సల్మాన్ బట్. ఆమిర్ కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు, జైలుకెళ్లాడు, 5 ఏళ్ల నిషేధం పూర్తయ్యాక 2016లో పాకిస్తాన్ జట్టులోకి తిరిగొచ్చాడు. బట్ మాత్రం విచారణలో నేను ఏ తప్పూ చేయలేదనే వాదించాడు. ఇద్దరికీ ఒకే న్యాయం ఎలా అవుతుందండీ?

2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో రోహిత్, కోహ్లి, ధావన్ ముగ్గురినీ ఆమిరే ఔట్ చేశాడు. మా ఇంట్లో టీవీ కట్టేశారు. ఓడినందుకు బాధపడ్డాను గానీ, ఇతన్నెందుకు ఆడనిచ్చారని అనుకోలేదు. లార్డ్స్‌లో మోసపోయిన జట్టులోనే ఉన్న అజర్ అలీ, ఆమిర్ ఉంటే క్యాంపుకు రానని మొదట మొండికేశాడు. కానీ ఆ ఫైనల్లో ఆమిర్‌తో కలిసే ఆడాడు. నాకు అది చాలు. అయితే ఒకసారి ఫిక్సింగ్ చేసినవాడి చేతికి కెప్టెన్సీ మాత్రం ఎప్పటికీ ఇవ్వకూడదు.